అనుభవించవచ్చు, అమ్ముకోరాదు

పోయినేడు అమ్మమ్మ సంవత్సరీకాలు అయిపోయాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం, అమ్మా పిన్నీ నేనూ. ఏముంటాయి చెప్పండి! జరీ ఊడిన పట్టుచీరలు రెండు, ఓ వెండి కుంకుమభరిణె, తాతయ్య కళ్ళజోడు, అన్నిటికీ అడుగున పాత గుడ్డలో చుట్టి పెట్టిన ఓ స్టాంపు కాగితం. మడతల దగ్గర చిరిగిపోతోంది గాని కరణంగారి దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉంది.

అది అమ్మమ్మది కాదు. అమ్మమ్మ మేనత్తది. ఆవిణ్ణి ఇంట్లో అంతా అత్తమ్మ అనేవారట. పదహారో ఏట భర్త పోయాడు. పిల్లల్లేరు. మరుదులు పెద్దమనుషుల్ని కూచోబెట్టి రెండెకరాల మాగాణి రాసిచ్చారు. ఆ మాగాణిని యావజ్జీవం అనుభవించవచ్చునట, ఏ విధమైన అన్యాక్రాంతమూ చేయడానికి హక్కు లేదట, తదనంతరం ఆ భూమి తిరిగి మరుదులకే చెందుతుందట. ఇదీ ఆ కాగితంలోని సారాంశం.

"అమ్మ పెళ్ళికి ఓ అరెకరం అమ్మి చంద్రహారం చేయిద్దామని అత్తమ్మ ముచ్చట పడిందటే. కొనేవాళ్ళేరీ? ఆ కాగితం చూసి ఎవడూ ముందుకు రాలేదు" అంది మా అమ్మ.

అత్తమ్మ 1953లో పోయింది. మరో మూడేళ్ళు బతికి ఉంటే ఆ రెండెకరాలకీ ఆవిడే సొంతదారు అయి ఉండేదని నాకు తర్వాత తెలిసింది. అదెలాగో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. నేను ప్లీడర్ని కాను, కథలు రాసుకునేదాన్ని. కాని ఇందులో ఉన్న కథ నేను రాసిన ఏ నవల్లోనూ లేదు.

ఆస్తి పంపకాల విషయంలో మనవాళ్ళు శతాబ్దాల తరబడి నమ్ముకున్నది మితాక్షరి. కల్యాణి చాళుక్యుల రాజు ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం అది. దాన్ని పదమూడో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు కేతన. తిక్కనగారి కాలంవాడు, తన దశకుమారచరిత్రని తిక్కనకే అంకితం ఇచ్చినవాడు. తిక్కన ఊరు నెల్లూరని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ నెల్లూరిని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాం.

ఆ శాస్త్రాల్లో కొడుకు పుట్టగానే తండ్రితో సమానంగా తాతల ఆస్తిలో హక్కుదారు. ఉమ్మడి కుటుంబంలో ఓ మగవాడు పోతే అతని వాటా మిగతా మగవాళ్ళలో కలిసిపోతుంది. భార్యకి తిండీ బట్టా దక్కుతాయి. దాన్నే మనోవర్తి అన్నారు. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలూ, పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెక్కా స్త్రీధనం. అది ఆవిడ ఇష్టం. ఉమ్మడి నుంచి విడిపోయినవాడు కొడుకుల్లేకుండా పోతే భార్యకే ఆస్తి వచ్చేది. వచ్చేది గాని, బతికున్నంత కాలమే. తప్పనిసరి ఖర్చుకి తప్ప అమ్మకూడదు. అది తప్పనిసరి ఖర్చో కాదో తేల్చడానికి భర్త తరఫు దాయాదులు కళ్ళలో వత్తులు వేసుకుని కూచుంటారు. కోర్టు భాషలో వాళ్ళని రివర్షనర్లన్నారు. ఈవిడ ఎప్పుడు పోతుందా, మనకెప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాళ్ళకి ఎంత నాజూకైన పేరు పెట్టారో!

ఇక్కడో చిత్రం ఉంది. మన ధర్మశాస్త్రాల్లో వీలునామా అనే వస్తువే లేదు. పోయేముందు దానధర్మాలు చేసుకోవచ్చు గాని, నేను పోయాక నా ఆస్తి ఫలానావాళ్ళకి అని రాసిపెట్టే పద్ధతి లేదు. ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా ఎంతో బతికుండగానే తేలదు, ఇక చచ్చాక ఏం రాస్తారు? మాట చూడండి, ఇంగ్లీషు 'విల్లు'కి పారశీకపు 'నామా' తగిలించి వీలునామా చేసుకున్నాం. అందుకేనేమో మనవాళ్ళు దాన్ని 'వీలున్నప్పుడు రాసే నామా' అనుకుని వాయిదా వేస్తూ ఉంటారు.

తెల్లవాళ్ళ కోర్టుల నీడన చెన్నపట్నంలో షావుకార్లు ముందుగా ఈ పద్ధతి పట్టుకున్నారు. పచ్చయప్ప మొదలియార్ 1794లో పోతూ పోతూ రాసిన వీలునామా చాలా ప్రసిద్ధం. ఆ సొమ్ము దేవుళ్ళకీ ధర్మాలకీ అన్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచి, చివరికి 1842లో ఆ డబ్బుతోనే బడి తెరిచారు. అదే పచ్చయప్ప కాలేజీ అయింది. 1870లో హిందువుల వీలునామాల చట్టం వచ్చి కాగితం, సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలంది. కాని మన వైపు అది చెన్నపట్నం వరకే. మద్రాసు రాజధానిలోని మన జిల్లాల్లో 1927 దాకా నోటిమాట వీలునామా కూడా చెల్లేది. మంచం చుట్టూ నలుగురూ చేరితే ముసలాయన చెప్పిందే శాసనం. ఆ నలుగురిలో ఆయన ఏం చెప్పాడో ఎవరికి ఎలా వినబడిందో ఆ భగవంతుడికే తెలియాలి.

మరి ఆడవాళ్ళు? స్త్రీధనం సంగతి వదిలేయండి. భర్త నుంచో తండ్రి నుంచో వచ్చిన భూమికి ఆడది వీలునామా రాయడమన్న ప్రశ్నే లేదు. ఊపిరితోపాటే హక్కు పోతుంటే, ఊపిరి పోయాక ఎవరికని రాస్తుంది? ఆస్తి హక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం పొలం గురించే మాట్లాడతాం గాని, ఆ పొలం మన తర్వాత ఎవరిదో చెప్పే హక్కు గురించి తలుచుకోం. అత్తమ్మకి లేకపోయింది అదే. పంట తిన్నది, శిస్తు కట్టింది, కాని మేనకోడలి మెళ్ళో గొలుసు వెయ్యలేకపోయింది.

1937లో డాక్టర్ దేశ్‌ముఖ్ పట్టుబట్టి తెచ్చిన చట్టం విధవకి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. సంతోషించేలోపునే, అదీ యావజ్జీవమే అన్నారు. పైగా ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. పల్లెటూళ్ళో భూమి కాక ఇంకేం ఉంటుందండీ, గేదెలూ గోలేలూ తప్ప? మద్రాసు ప్రభుత్వం ఆ లోటు పూడ్చేసరికి 1947 వచ్చింది.

ఇప్పుడు నెల్లూరికి వద్దాం. కేతన తర్వాత దాదాపు ఏడు వందల ఏళ్ళకి, 1944 అక్టోబరులో, అక్కడి జిల్లా మున్సిఫ్ కోర్టు మెట్లెక్కిందొకావిడ. పేరు తులసమ్మ. భర్త 1931లో పోయాడు, సవతి సోదరుడితో ఉమ్మడిగా ఉండగానే. కాబట్టి 1937 చట్టం ఆవిడకి అందలేదు. మనోవర్తి ఇప్పించమని మరిది శేషారెడ్డి మీద దావా వేసింది. కోర్టు ఫీజు కట్టుకునే స్తోమత లేక పాపరు దావా వేసింది. ఆస్తిగల ఇంటి కోడలు పాపర్నని చెప్పుకుని దావా వేయడమంటే ఎంత మనసు చంపుకోవాలో ఊహించుకోండి!

1946లో డిక్రీ వచ్చింది. దాన్ని అమలు చేయించుకోబోతుంటే 1949 జూలైలో రాజీ కుదిరింది. కొంత ఆస్తి తులసమ్మకి ఇచ్చారు. షరతేమిటో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. బతికున్నంత కాలం అనుభవించవచ్చు, అమ్ముకోరాదు. మా ట్రంకుపెట్టెలో కాగితానికి ఇది అక్కగారు.

ఈలోగా ఢిల్లీలో హిందూ కోడ్ బిల్లు మీద పెద్ద రభస. అంబేద్కర్ బిల్లు తెచ్చారు, అది ముందుకు సాగనివ్వడం లేదని 1951లో మంత్రిపదవే వదులుకున్నారు. మన దుర్గాబాయమ్మ లాంటివాళ్ళు ఆ బిల్లు కోసం సభలో గట్టిగా వాదించారు. ఆడపిల్లకి వాటా ఇస్తే అన్నాచెల్లెళ్ళ ప్రేమలు మంటగలుస్తాయని పెద్దలు కన్నీళ్ళు పెట్టుకున్నారు. (వాటా అడగనంతవరకే నిలిచే ప్రేమ ఎంత గట్టిదో మరి!) ఆఖరికి బిల్లుని ముక్కలు చేసి, అందులో వారసత్వం ముక్కని 1956 జూన్ 17న చట్టం చేశారు.

ఆ చట్టంలో పద్నాలుగో సెక్షన్ ఒకటుంది. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, అది చట్టానికి ముందు వచ్చినదైనా తర్వాత వచ్చినదైనా, ఇకమీదట పూర్తిగా ఆవిడదే, పరిమితమైన హక్కు కాదు. ఒక్క వాక్యంతో దేశంలోని విధవల యావజ్జీవ హక్కులన్నీ సంపూర్ణ హక్కులైపోయాయి. కాని దాని కిందనే రెండో భాగం పెట్టారు. దస్తావేజులోనో డిక్రీలోనో పరిమితమైన హక్కే అని రాసి ఇచ్చిన ఆస్తికి ఈ సూత్రం వర్తించదు.

తులసమ్మ 1960లో కొంత భూమి కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. ఆ జూలైలోనే శేషారెడ్డి దావా. రాజీ కాగితంలో అమ్మరాదని ఉంది కదా అని. జిల్లా మున్సిఫ్ ఆయన పక్షాన తీర్పు చెప్పాడు. జిల్లా జడ్జి కాదు, తులసమ్మదే అన్నాడు. హైకోర్టు మళ్ళీ ఆయనదే అంది. ఈ తొక్కుడుబిళ్ళాట సుప్రీంకోర్టులో ముగిసింది. 1977 మార్చి 17న జస్టిస్ భగవతి, జస్టిస్ గుప్తా, జస్టిస్ ఫజల్ అలీ ముగ్గురూ తులసమ్మ పక్షాన చెప్పారు.

వాళ్ళు చూసిన చూపు నాకెంతో నచ్చింది. ఆ రాజీ కాగితం తులసమ్మకి కొత్తగా ఏదో దయతో ఇచ్చింది కాదన్నారు. మనోవర్తి హక్కు ఆవిడకి ముందునుంచీ ఉంది, ఆ కాగితం దాన్ని ఒప్పుకున్నదంతే. ఉన్న హక్కుకి బదులుగా వచ్చిన ఆస్తి కాబట్టి, కాగితంలో ఎన్ని ఆంక్షలు రాసుకున్నా 1956తో అవన్నీ రాలిపోయాయి. తిండీ బట్టా అని మన పెద్దలు తేలిగ్గా పారేసిన ముక్కే ఆఖరికి ఆడవాళ్ళని సొంతదారుల్ని చేసిందంటే చిత్రం కాదూ! భర్త పోయిన ఏటినుంచి లెక్కపెడితే నలభై ఆరేళ్ళు. ఇవాళ్టికీ కోర్టుల్లో ఇలాంటి తగాదా వస్తే తులసమ్మ కేసనే ఎత్తుతారు. నెల్లూరిలో ఆవిడకి ఓ విగ్రహమైనా ఉంటే బాగుండుననిపించింది నాకు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా కూతుళ్ళని పుట్టుకతో హక్కుదార్లని చేసింది. అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి తప్ప. మా పిన్ని పెళ్ళి అంతకు ముందే అయిపోయింది. "ముహూర్తం కాస్త వెనక్కి జరిపిస్తే మీ నాన్న సొమ్మేం పోయేది" అని మా బాబాయి ఇప్పటికీ దెప్పుతూ ఉంటాడు. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది, పెళ్ళి తేదీ అడ్డం కూడా పోయింది. 2005 నాటికి తండ్రి బతికుండాలా అన్న చిక్కుని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు విడదీసింది. అక్కర్లేదంది.

అంతా సుఖాంతమే అనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను, నారాయణీదేవి సంగతి చదివేదాకా. 1955లో పెళ్ళయింది. మూడు నెలల్లో భర్త పోయాడు. అత్తవారు ఇంట్లోంచి పంపేశారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసుకుంది, జీతంలోంచి కూడబెట్టుకుంది. 1996లో పోయింది, వీలునామా రాయలేదు. ఆ డబ్బు ఎవరికి వెళ్ళాలి? చదివించిన తల్లివైపు వాళ్ళకా, వెళ్ళగొట్టిన భర్తవైపు వాళ్ళకా? 1956 చట్టంలో పదిహేనో సెక్షన్ చూడండి. వీలునామా లేకుండా స్త్రీ పోతే మొదట పిల్లలకీ భర్తకీ, వాళ్ళు లేకపోతే భర్త వారసులకి, ఆ తర్వాతే కన్నతల్లిదండ్రులకి. పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చిందైతే పుట్టింటికి మళ్ళుతుంది గాని, సొంత సంపాదనకి ఆ మినహాయింపు లేదు. 2009లో సుప్రీంకోర్టు ఇది కఠినంగానే ఉంది, అయినా చట్టం అలా ఉంది అని ఆ సొమ్ము ఆడపడుచు కొడుకులకే దక్కుతుందని తేల్చింది.

ఒక్క తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఉంటే ఆ తీర్పు అవసరమే ఉండేది కాదు. పరిమిత హక్కు పోయి సంపూర్ణ హక్కు వచ్చిందని మురుస్తున్నాం గాని, మనం రాసిపెట్టకపోతే మన తదనంతరం మళ్ళీ అత్తమ్మ కాగితంలో లాగానే జరుగుతోంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ సంగతి విచారిస్తూ, ఆడవాళ్ళు ముందుగానే వీలునామా రాసుకోవడం మంచిదని చెప్పింది.

రాయడం బ్రహ్మవిద్యేం కాదు. స్టాంపు కాగితం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉంటే చాలు. ఏది ఎవరికో మన మాటల్లో మనం రాసి సంతకం పెట్టాలి, అది చూసిన ఇద్దరు సాక్షులు తామూ సంతకాలు చెయ్యాలి. ఆస్తి వచ్చేవాళ్ళని సాక్షులుగా పెట్టకపోవడం మేలు. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు గాని, తగాదా వస్తుందనుకుంటే చేయించుకోవచ్చు. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. బ్యాంకు పుస్తకంలో నామినీ పేరు రాశాం కదా, ఇంకెందుకు అంటారు చాలామంది. ఆ నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే. అసలు హక్కు వారసులదే.

ఇదంతా మా అమ్మకి చదివి వినిపించాను. ఆవిడకి డెబ్బై దాటాయి. అంతా విని, "ఆస్తి సంగతి సరేనే, నా సంగతి ఎవరికి రాయాలి?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మమ్మ ఆఖరి పదకొండు రోజులూ ఓ పెద్దాసుపత్రిలో గొట్టాల మధ్య గడిచాయి. స్పృహ లేదు. ఆపమందామని మామయ్య నోటిదాకా వచ్చేది, తల్లిని చంపుకున్నాడంటారేమోనని మింగేసేవాడు. పిన్ని, అమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆవిడకి ఏం ఇష్టమో ఎవరికీ తెలియదు. తొంభై ఏళ్ళలో ఎవరమూ అడగలేదు.

దీనికీ ఓ కాగితం ఉంది. అదీ ఓ ఆడదాని కష్టంలోంచే మొదలైంది. ముంబైలో అరుణా శానబాగ్ అనే నర్సు 1973లో దాడికి గురై, స్పృహ లేకుండా నలభై రెండేళ్ళు మంచం మీదే ఉండిపోయింది. 2011లో సుప్రీంకోర్టు ఆవిడ విషయంలో ఒప్పుకోలేదు గాని, కొన్ని పరిస్థితుల్లో ప్రాణాధార చికిత్స ఆపవచ్చునని మొదటిసారిగా దారి తెరిచింది. తోటి నర్సులు కన్నబిడ్డలా చూసుకుంటుండగానే 2015లో ఆవిడ పోయింది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీలు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మనిషి తన ఆఖరి వైద్యం గురించి రాసిపెట్టుకోవచ్చునని చెప్పారు. మొదట దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అంత తిరిగే ఓపిక ఎవరికుంటుంది? 2023 జనవరిలో సడలించారు. ఇద్దరు సాక్షులు, ఓ నోటరీ గాని గెజిటెడ్ ఆఫీసరు గాని చాలు. మనం చెప్పలేని స్థితి వస్తే మన తరఫున చెప్పవలసినవాళ్ళ పేర్లు అందులో రాయాలి. అయినా వెంటనే ఆపేయరు. రెండు వైద్యుల బోర్డులు చూసి, బాగుపడే ఆశ లేదని ఒప్పుకోవాలి. విషపు సూది ఇచ్చేయడం కాదిది. యంత్రాన్ని పక్కకి పెట్టి, నొప్పి తెలియకుండా చూసుకుంటూ, పోయేదాన్ని పోనివ్వడం.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితాలు తెమ్మంది.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఇల్లూ, డిపాజిట్లూ పావుగంటలో తేలిపోయాయి. తన వైద్యం గురించి నాలుగు వాక్యాలు తనే రాసుకుంది, నన్ను చూడనివ్వలేదు గాని నిర్ణయం చెప్పవలసినవాళ్ళలో నా పేరూ తమ్ముడి పేరూ రాశానని చెప్పింది. చిక్కంతా సామాన్ల దగ్గర వచ్చింది. గంగాళం ఎవరికి, ఆవకాయ జాడీలు ఎవరికి? సన్నికల్లు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. అది అత్తమ్మదట. రెండెకరాలూ మరుదులు తీసుకున్నాక ఆవిడ తాలూకు మన ఇంట మిగిలిన వస్తువు అదొక్కటేనట. "ఫ్లాటుల్లో ఎవరికి కావాలే ఇది" అంటూనే, తమ్ముడి కూతురి పేరు రాసింది. దానికి ఆరేళ్ళు.

సాక్షులుగా పక్కింటి మాస్టారుగారూ, ఆయన భార్యా వచ్చి సంతకాలు పెట్టి కాఫీ తాగి వెళ్ళారు. అమ్మ కలం మూత పెట్టి, "ఇంతకీ నువ్వు రాశావటే?" అంది.

"రాస్తానమ్మా, వీలు చూసుకుని" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. మిగిలిన తెల్లకాగితాలు నా వైపు జరిపి, కలం మూత మళ్ళీ తీసింది.